రెండు గొంతుల సినిమా

మా పక్క ఫ్లాట్‌లోకి ఆ పెద్దాయన వచ్చిన ఏడాదికి గానీ ఆయన సినిమా డైరెక్టరని మాకు తెలియలేదు. జెర్సీ సిటీలో మాది నది ఒడ్డునున్న ఎత్తైన అపార్ట్‌మెంట్. ఎవరు ఏం పని చేస్తారో లిఫ్ట్‌లో వాళ్ళ మెళ్ళో వేలాడే బ్యాడ్జీలే చెప్పేస్తాయి. ఆయన మెళ్ళో ఏమీ ఉండేది కాదు. పొద్దున్నే గుడ్డ టోపీ పెట్టుకుని నది పక్కన నడిచి వచ్చి, లాబీలో సోఫా మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసేవారు. ఒక మనిషిని లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి ఇంకొకరిని చూసేవారు. మా ఆయనకు అది నచ్చేది కాదు. "ఏంది, గట్ల చూస్తడు?" అని విసుక్కునేవాడు.

ఆయనది థాయిలాండ్. కూతురు ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. యాభైకి దగ్గర్లో ఉంటుంది, పెళ్ళి చేసుకోలేదు. తండ్రికి గ్రీన్ కార్డ్ వచ్చేలా చూసి తన దగ్గరికి తెచ్చుకుంది. మేం ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. వాళ్ళ దేశంలోనూ ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళను వరస కలిపి పిలవడం మామూలేనట, అందుకని ఆ పిలుపు ఆయనకు వింతగా తోచలేదు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఆయన ఇంగ్లీషు చిన్న చిన్న ముక్కలు. ఒక ముక్క చెప్పి, అది ఎదుటి మనిషికి చేరిందో లేదో చూసుకుని, తర్వాత ఇంకో ముక్క చెప్పేవారు.

నేను వీడియోలు చూపించే ఒక యాప్‌ని టెస్ట్ చేసే ఉద్యోగం చేస్తాను. వారంలో సగం రోజులు న్యూయార్క్ ఆఫీసుకి ట్రైన్‌లో వెళ్తాను, మిగతా రోజులు ఇంట్లోంచే పని. అలా ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం ఆయన తలుపు తట్టారు. చేతిలో ఫోన్ ఉంది.

"ఇది తెరుచుకోవడం లేదు. మా అమ్మాయి డ్యూటీలో ఉంది" అన్నారు.

ఏదో యూనివర్సిటీలో పాత సినిమాలు భద్రపరిచే విభాగం వాళ్ళు పంపిన మెయిల్ అది. కాలిఫోర్నియాలో ఒక థాయ్ గుడివాళ్ళు సామాన్ల గది ఖాళీ చేస్తుంటే సినిమా రీళ్ళున్న రేకు డబ్బాలు దొరికాయట. డబ్బా మీదున్న పేరును పట్టుకుని వెతుక్కుంటూ ఈయన దాకా వచ్చారు. రీళ్ళను శుభ్రం చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇది మీదేనా చూడండి అని లింక్ పంపారు. పెద్దదిగా చూస్తే బాగుంటుందని మా హాల్లో టీవీకి కలిపాను.

నది కనిపించింది. తెల్లారగట్ల మంచు, మంచులోంచి ఒక పడవ. నీళ్ళ ఆకుపచ్చ, పడవలో అమ్మాయి నడుముకు చుట్టుకున్న బట్ట ఎరుపు, అంతా నిన్న తీసినట్టుంది. యాభై ఏళ్ళు దాటిన బొమ్మంటే నమ్మడం కష్టం. కానీ శబ్దం లేదు. నా ఉద్యోగమే అది కాబట్టి వెంటనే రిమోట్ నొక్కాను, కేబుల్ తీసి మళ్ళీ పెట్టాను, సెట్టింగ్స్ చూశాను.

"సౌండ్ రావడం లేదు అంకుల్."

"రాదు. దానికి సౌండ్ ఎప్పుడూ లేదు" అన్నారు ఆయన.

కాసేపటికి తెర మీద ఒక కుర్రవాడు గట్టు మీంచి పడవకేసి చెయ్యెత్తి ఏదో అరిచాడు. సరిగ్గా ఆ నోరు తెరుచుకున్నప్పుడే మా సోఫాలోంచి గొంతు వచ్చింది. నేను ఉలిక్కిపడి తిరిగి చూశాను. అంకుల్ తెర మీంచి చూపు తిప్పకుండా థాయ్‌లో మాట్లాడుతున్నారు. రోజూ లిఫ్ట్‌లో వినే సన్నటి వణుకు గొంతు కాదు, పాతికేళ్ళ వాడి గొంతు. తర్వాత బొజ్జ ఉన్న ఒక ఆసామి వచ్చాడు, వాడికి ముక్కులోంచి వచ్చే గొంతు. ఒక తాత వచ్చాడు. కప్పలు అరిచాయి. తెడ్డు నీళ్ళలో పడింది. అన్నీ ఆయనే. పడవలో అమ్మాయి బదులు చెప్పడానికి నోరు తెరిచినప్పుడు మాత్రం ఆయన నోరు మూసుకున్నారు. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. మా హాల్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత కుర్రవాడు మాట్లాడాడు, అంకుల్ అందుకున్నారు.

"ఆ అమ్మాయి మాటలు గుర్తు లేవా?" అని అడిగాను.

"అవి నావి కావు" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు, నా లంచ్ బ్రేక్‌లో, ఆయన తన సంగతులు చెప్పారు. నేను అడిగితేనే చెప్పేవారు. ఏది అడిగితే దానికి మాత్రమే.

పుట్టింది మెకాంగ్ నది గట్టున ఒక చిన్న ఊళ్ళో. అవతలి గట్టు లావోస్. తండ్రి పడవలు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో వాళ్ళ సినిమాలు చాలావరకు చిన్న కెమెరాతో, శబ్దం లేకుండా తీసేవాళ్ళట. హాల్లో తెర పక్కన ఒక మగమనిషి, ఒక ఆడమనిషి మైకు ముందు కూర్చుని, బొమ్మ నడుస్తుంటే ఆటాటకీ అప్పటికప్పుడు మాటలు చెప్పేవాళ్ళు. వాళ్ళను నక్ పాక్ అంటారు. మందుల కంపెనీలు వ్యాన్లలో ప్రొజెక్టర్ వేసుకుని పల్లెలు తిరిగేవి. మన టూరింగ్ టాకీసులాంటిదే, కాకపోతే టికెట్ లేదు. వెదురు గెడలకు తెర కట్టి ఆట మొదలుపెట్టి, హీరో కొండ అంచున వేలాడుతుండగా రీలు ఆపేసి నులిపురుగుల మందు అమ్మేవాళ్ళట. సరిపడా సీసాలు అమ్ముడైతేనే హీరో పైకి వచ్చేవాడు.

అలాంటి ఒక వ్యాన్‌లో ఆయన ఇరవై ఏళ్ళ వయసులో చేరారు. బ్యాంకాక్ నుంచి వచ్చే సినిమాలకు ఆయన వాళ్ళ వైపు యాసలో మాటలు చెప్పేవారు. ఆ ఊరి పెద్ద గేదె తప్పిపోయిందని తెలిస్తే, సినిమాలో పోలీసు చేత ఆ గేదె గురించి అడిగించేవారు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. ఆడగొంతు చెప్పడానికి ఒకామె వచ్చింది. అంతకుముందు రేడియో నాటకాలు వేసేది. పసిపిల్ల నుంచి ముసలి దయ్యం దాకా ఆడగొంతులన్నీ ఆమెవే. రెండేళ్ళలో వాళ్ళ జంట ఎంత పేరు తెచ్చుకుందంటే, గోడల మీద పోస్టర్లలో హీరో పేరు కన్నా వీళ్ళ పేర్లే పెద్దగా వేసేవాళ్ళట. పైన ఆయన పేరు, కింద ఆమె పేరు. పెళ్ళి చేసుకున్నారు.

"మాటలన్నీ మేమే చెప్తున్నాం. ఇంక బొమ్మ కూడా మేమే తీస్తే ఏం అనిపించింది" అన్నారు.

అలా తీసిందే మేం చూసినది. కథ పెద్దదేం కాదు. చేయని నేరానికి జైలుకెళ్ళిన పడవవాడు చాలా ఏళ్ళకు తిరిగొస్తాడు. అతని భార్య ఈలోగా ఆ పడవలోనే నూడుల్స్ అమ్ముకుని బతుకుతుంటుంది. హీరోయిన్‌గా పెట్టుకున్న అమ్మాయికి డైలాగులు గుర్తుండేవి కాదు. శబ్దం ఎలాగూ లేదు కదా అని, కెమెరా ముందు నిలబెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. ప్రేమ చెప్పాలన్నా, తిట్టాలన్నా, ఏడవాలన్నా ఆ అమ్మాయి అంకెలే చెప్పింది. ఆ నోటి కదలికల మీద ఆయన భార్య మాటలు పేర్చింది. రాసుకున్నది ఏమీ లేదు. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా చెప్పేది.

అది బాగా ఆడింది. తర్వాత పెద్ద కెమెరాల వెడల్పాటి ఫిల్ము, దాంతోపాటు శబ్దం వచ్చాయి. ఆయన బ్యాంకాక్ వెళ్ళి డైరెక్టర్‌గా స్థిరపడ్డారు. ఫైటింగ్ సినిమాలు, దయ్యాల సినిమాలు, బస్సు కండక్టర్ మీద ఒకటి. దాంతోనే కొంత డబ్బూ పేరూ వచ్చాయన్నారు. బట్టల మిల్లులో సమ్మె చేసిన ఆడవాళ్ళ మీద ఒకటి తీశారు, అది ప్రభుత్వంలో పైవాళ్ళకు నచ్చలేదు. కోతలన్నీ పోగా మిగిలింది కథలా లేదు. ఆ తర్వాత చాలాకాలం ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలిచినప్పుడు మళ్ళీ దయ్యాల సినిమాలకే పిలిచారు. ఆపైన టీవీ సీరియళ్ళు. ఆపైన ఖాళీ. తీసినవాటిలో చాలావాటికి ఇప్పుడు ప్రింటే లేదు. గోదాముల్లో వరద నీళ్ళలో కొన్ని, తుక్కు కింద కొన్ని పోయాయి.

"బాధగా లేదా?" అని అడిగాను.

"చెడ్డవే ఎక్కువ" అన్నారు. అది వినయంగా అన్న మాట కాదు. ఆలోచించి చెప్పారు.

భార్యతో ఏమైందని నేను అడగలేదు. శబ్దం వచ్చాక మేం కలిసి పని చేయలేదు అని ఆయనే ఒక్క మాట అన్నారు.

యూనివర్సిటీ వాళ్ళు ఆ సినిమాను వసంతకాలంలో న్యూయార్క్‌లో ఒక చిన్న మ్యూజియం హాల్లో వేద్దామన్నారు. డైలాగుల కాపీ ఉంటే ఇవ్వండి, కింద అక్షరాలు వేస్తాం అన్నారు. లేదన్నారు ఈయన. పోనీ మీరే వచ్చి చెప్తారా అంటే, ఆమె లేకుండా సగం సినిమాయే అవుతుందన్నారు.

"ఆమె ఎక్కడున్నారు?" అని అడిగాను.

"ఇక్కడే. మిషిగన్."

"మిషిగన్‌లో ఎక్కడ?"

"ట్రాయ్. రెస్టారెంట్ ఉంది."

మా అన్నయ్య ఉండేది ట్రాయ్‌లోనే. కార్ల కంపెనీలో ఇంజనీరు. ప్రతి థ్యాంక్స్‌గివింగ్‌కి మేం అక్కడికే వెళ్తాం. ఆ సాయంత్రం వదినకి ఫోన్ చేసి, అక్కడ ఒక థాయ్ పెద్దావిడ రెస్టారెంట్ ఉందట, తెలుసా అని అడిగాను.

"అయ్యో, ఆ ఆంటీయా! మాకెందుకు తెలీదు? ఇండియన్ గ్రోసరీ పక్కనే కదా. మన తెలుగువాళ్ళు వెళ్తే అడక్కుండానే కారం ఎక్కువేసి పెడుతుంది. మీ అన్నయ్య ఆఫీస్ టీమ్ లంచ్‌లన్నీ అక్కడే బుక్ చేస్తారు" అంది వదిన. సంగతి చెప్తే, "ఆవిడ మొగుడు సినిమా డైరెక్టరా? ఏనాడూ చెప్పలేదే!"

ఆయన కూతురితో కారిడార్‌లో మాట్లాడాను. ఆమె డ్యూటీ దుస్తుల్లోనే ఉంది. నేను చెప్పిందంతా విని తలుపుకి ఆనుకుని నిలబడింది.

"మా అమ్మ ఈయన్ని చూసి ఇరవై ఏళ్ళు దాటింది. నా నర్సింగ్ డిగ్రీ ఫంక్షన్‌కి కూడా ఇద్దరూ కలిసి రాలేదు" అంది.

"అడిగి చూడండి."

రెండు రోజుల తర్వాత కూతురు తన తల్లి ఇచ్చిన జవాబు మోసుకొచ్చింది. "రమ్మను, అన్నం పెడతాను. సినిమా ఊసు మాత్రం నా దగ్గర ఎత్తొద్దు అంది."

మా ఆయనకు చెప్తే ముందు ఒప్పుకోలేదు. "పది గంటల డ్రైవ్. గంతసేపు కార్ల కూసుంటడా ఆయన? నడుమ ఏమన్నా అయితే?"

"కూతురు నర్స్, తనూ వస్తుంది కదా" అన్నాను.

"ఫ్లైట్ బుక్ చేస్కోవచ్చు కదా వాళ్ళు?"

"పండగ టైంలో టికెట్లు ఎక్కడ దొరుకుతాయి? మనం ఎలాగూ వెళ్తున్నాం."

చివరికి ముందు సీట్లో అంకుల్, వెనక మేమిద్దరం ఆడవాళ్ళం, డ్రైవింగ్ మా ఆయన. పెన్సిల్వేనియా కొండలు దాటేదాకా అంకుల్ పక్కన పోయే ట్రక్కుల డ్రైవర్లను చూస్తూ కూర్చున్నారు. ఒహాయోలో మా ఆయన పాత తెలుగు పాటలు పెట్టాడు. అంకుల్ వాటిని శ్రద్ధగా విని, ఒక పాట దగ్గర "ఈ అమ్మాయి పాడేటప్పుడు నవ్వుతోంది" అన్నారు. అప్పటినుంచీ మా ఆయనకు ఆయన మీద గురి కుదిరింది. టొలీడో దగ్గర పెట్రోలుకి ఆగినప్పుడు అంకుల్ తన సంచీ తీసుకుని లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చారు. నిజానికి ఆమెను కలవాల్సింది మర్నాడు కూడా కాదు, ఎల్లుండి. కూతురు ఆ మాట చెప్పబోయి ఆగిపోయింది.

పండగ మర్నాడు మధ్యాహ్నం, జనం లంచ్ ముగించి వెళ్ళాక, మేం రెస్టారెంట్‌కి వెళ్ళాం. వంట పని ఇప్పుడు ఆమె చెల్లెలి కొడుకు చూసుకుంటున్నాడు. ఆమె గుమ్మం పక్క టేబుల్ దగ్గర కాగితపు నాప్‌కిన్లు మడుస్తూ కూర్చుంది. పొట్టిగా, కత్తిరించిన తెల్లజుట్టుతో, గొలుసు కట్టిన కళ్ళద్దాలతో ఉంది. అంకుల్ చేతులు జోడించారు. ఆమె కూడా జోడించి, ఆయన్ని పైనుంచి కిందికి చూసి ఏదో అంది. కూతురు నా చెవిలో చెప్పింది: "చిక్కిపోయావు, కూర్చో అంటోంది."

మా అందరికీ చేపల పులుసు, అన్నం, కొత్తిమీర వేసిన ఏదో వేపుడు పెట్టింది. మా ఆయనకి కారం ఎక్కువై కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. అంకుల్ తలెత్తకుండా తిన్నారు. తిన్నాక సినిమా ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమే ఎత్తింది.

"పడవ సినిమాయేనా దొరికింది?"

"అవును" అన్నారు ఆయన.

"రంగు పోయిందా?"

"లేదు."

ఆమె నాప్‌కిన్ల దొంతర పక్కకు జరిపింది. నేను లాప్‌టాప్ తెరిచి పెట్టాను. మొదటి పడవ దృశ్యం ఆమె మొహంలో ఏ మార్పూ లేకుండా చూసింది. హీరోయిన్ మాట్లాడడం మొదలుపెట్టగానే పకపకా నవ్వింది. తెర మీద వేలు పెట్టి థాయ్ అంకెలు పైకి చదివింది. ప్రేమ చెప్పే చోట అమ్మాయి పదకొండు దాకా లెక్కపెట్టి మధ్యలో తప్పి మళ్ళీ మొదలుపెట్టిందట. మేమందరం నవ్వాం, అంకుల్ కూడా.

నవ్వు ఆగాక ఆమె కళ్ళద్దాలు తీసి మాట్లాడసాగింది. గొంతు పెంచలేదు. కూతురు నాకు చెప్పాలా వద్దా అన్నట్టు ఒక క్షణం తటపటాయించి, తర్వాత మెల్లగా చెప్పుకుంటూ పోయింది.

"శబ్దం వచ్చాక నీ మొదటి పెద్ద సినిమా, మొదటి ఆట. కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళాను. పక్కింటివాళ్ళను కూడా పిలుచుకెళ్ళాను, నా గొంతు వింటారని. తెర మీద ఆ పిల్ల నోరు తెరిచింది. ఎవరిదో గొంతు."

ఆయన ఏదో అన్నారు. అందులో ప్రొడ్యూసర్ అనే ఇంగ్లీషు మాట నాకు వినిపించింది.

"ప్రొడ్యూసర్ సంగతి నేను అడగడం లేదు. వాడికి లేత గొంతు కావాలి, సరే. నెలల తరబడి ఒకే చోట కూర్చుని అన్నం తిన్నాం. ఒక్కరోజు నాకు చెప్పాలనిపించలేదా అని అడుగుతున్నాను."

తెర మీద సినిమా నడుస్తూనే ఉంది. నేను ఆపాలో వద్దో తెలియక అలాగే వదిలేశాను. ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళి, సాయంత్రానికి నానబెట్టాల్సిన వాటి గురించి కాబోలు, గట్టిగా ఏదో చెప్పి తిరిగి వచ్చింది.

"వస్తాను" అంది. "పోస్టర్ మీద నా పేరు పైన ఉండాలి. నీది కింద."

"సరే."

"డైరెక్టర్ అని ఎంత పెద్ద అక్షరాలు వేసుకున్నా, నా పేరు దాని కన్నా పైన."

"సరే అన్నాను కదా."

"ముందుగా కూర్చుని చదువుకునేది లేదు. మనం ఎప్పుడు చేశాం గనక!"

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట పెట్టారు. పోస్టర్ నేను చూశాను. ఆమె పేరు పైనే ఉంది. ఆమె ముందురోజు విమానంలో వచ్చి, కూతురి ఫ్లాట్‌లో కాకుండా హోటల్‌లో దిగింది. హాలు చిన్నది, నిండింది. సగం మంది చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పనిచేసే థాయ్ నర్సులు, వాళ్ళ కుటుంబాలు. మిగతావాళ్ళు సినిమా చదువుకునే పిల్లలు, మ్యూజియంకి మామూలుగా వచ్చేవాళ్ళు. తెరకు ఎడమపక్క ఒక బల్ల, రెండు మైకులు. ఆయన ముందు రెండు కొబ్బరిచిప్పలు, ఒక రేకు ముక్క, బకెట్‌లో నీళ్ళు. ఆమె ముందు మంచినీళ్ళ సీసా ఒక్కటే.

దీపాలు ఆరాయి. మంచులోంచి పడవ వచ్చింది. గట్టు మీంచి కుర్రవాడు పిలిచాడు. అమ్మాయి తల తిప్పి నోరు తెరిచింది. మా ఇంట్లో చూసినప్పుడు ఆ చోట ఏమీ వినిపించలేదు కదా, ఇప్పుడు వినిపించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ అమ్మాయి పొగరు, లోపలి భయం, పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్న సంగతి కూడా ఆ గొంతులో తెలిసిపోయాయి. చీకట్లో బల్లకేసి చూశాను. ఎనభైకి చేరువైన మనిషి, వీపు నిటారుగా పెట్టి, మైకుకి కొంచెం దూరంగా కూర్చుని ఉంది. వెనక వరసల్లో థాయ్ వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఆమె వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆగి, హీరోయిన్ వీపు తిరిగి ఉన్న చోట ఇంకో మాట విసిరేది. మళ్ళీ నవ్వేవాళ్ళు. జెర్సీ సిటీ అద్దెల మీద కూడా ఏదో అందట.

మా ఆయన నా చెవిలో, "అంకుల్ కప్ప జర లేట్ అయింది" అన్నాడు. నిజమే. ఆమె కూడా ఆయనకేసి చూసింది.

చివరి ఘట్టం నాకు ముందే తెలుసు. ఆయన చెప్పి ఉన్నారు. జైలు నుంచి తిరిగొచ్చిన భర్త పడవ పక్కన తల దించుకుని నిలబడతాడు. ఇన్నేళ్ళూ నీకోసమే కాచుకున్నాను అని ఆమె ఏడుస్తుంది. ఆ రోజుల్లో ఆ చోట ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు ముక్కులు చీదేవాళ్ళట.

తెర మీద అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. నేను పక్కనున్న కూతురికేసి చూశాను.

"ఇప్పుడా వచ్చేది, కూర చల్లారిపోయింది అంది" అని చెప్పింది ఆమె, తనూ నవ్వుతూ.

తెర మీద భర్త పెదవులు కదిలాయి. అంకుల్ దగ్గరనుంచి ఏ శబ్దమూ రాలేదు. ఆయన పాత జవాబు ఈ మాటకు అతకదు మరి. పెదవులు కదిలి ఆగిపోయాయి. బొమ్మ మారి నది వచ్చింది, ఉత్త నది, మనుషులెవరూ లేరు. అప్పుడు ఆయన మాట్లాడారు. హీరో గొంతుతో కాదు, లిఫ్ట్‌లో మాతో మాట్లాడే గొంతుతో. రెండే మాటలు. కూతురు నవ్వు ఆపేసింది. నేను అడిగేదాకా చెప్పలేదు.

"చెప్పాల్సింది, చెప్పలేదు అన్నాడు."

నది ఇంకా నడుస్తోంది. ఆమె మంచినీళ్ళ సీసా మూత పెట్టి, మైకుకి కొంచెం దగ్గరగా జరిగి ఏదో అంది. ఆ గొంతు కూడా హీరోయిన్‌ది కాదు.

"తెలుసు. పడవ కట్టేసి రా, తిందాం."

తెర తెల్లబడింది. చాలామంది అదీ కథలో భాగమే అనుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళిద్దరూ లేచి చేతులు జోడించారు. దీపాలు వెలిగాక ఆమె ఆయనతో మొదట మాట్లాడింది కప్ప గురించే. ప్రశ్నల కార్యక్రమంలో ఒక విద్యార్థి, ముగింపు అప్పట్లో కూడా ఇలాగే ఉండేదా అని అడిగాడు. ఆమె మైకు తీసుకుని, "ఊరిని బట్టి" అంది.

ఆ సాయంత్రం వాళ్ళు ముగ్గురూ కలిసి భోంచేశారు. మర్నాడు ఆమె ట్రాయ్ వెళ్ళిపోయింది. వాళ్ళు మళ్ళీ ఒకటయ్యారని చెప్పడానికి లేదు. ఆయన మిషిగన్ వెళ్ళి ఉంటానని అనలేదు, ఆమె రమ్మననూ లేదు. ఇంకో ఊళ్ళో ఆ సినిమా వేసినప్పుడు ఆయనకు మోకాలి నొప్పి వల్ల వెళ్ళడం కుదరలేదు. ఆమె ఒక్కతే వెళ్ళి మగగొంతులు కూడా తనే చెప్పి వచ్చింది. నా కప్పలు సమయానికి అరిచాయని చెప్పు అని కూతురితో అందట. ఆ మాట ఆయనే మాకు చెప్పారు, బాగా నవ్వుతూ.

వేసవిలో ఆయన కూతురి పాత ఫోన్ తీసుకుని మళ్ళీ బొమ్మలు తీయడం మొదలుపెట్టారు. నది ఒడ్డున నడిచేవాళ్ళు, స్టేషన్ మెట్లు దిగేవాళ్ళు, బెంచీల మీద చేరి వీసాల గురించి మాట్లాడుకునే మన అంకుల్స్. అడిగి, ఒప్పుకున్నవాళ్ళనే తీసేవారు. శబ్దం తీసేయడం ఎలాగో నాతో నేర్చుకున్నారు. మాటలు లేని ఆ ముక్కలను కూతురు ట్రాయ్‌కి పంపేది. వారం పది రోజులకు ఆమె గొంతుతో తిరిగొచ్చేవి. ఒక ముక్కలో లిఫ్ట్ దగ్గర బియ్యం బస్తా మోసుకుని నిలబడ్డ మా ఆయన, ఒక ముసలి థాయ్ సిపాయిలా తన పాత యుద్ధాల గురించి గొప్పలు చెప్పుకున్నాడు. మా ఆయన దాన్ని కరీంనగర్‌లో ఉన్న వాళ్ళ తమ్ముళ్ళందరికీ పంపాడు.

నన్ను కూడా తీశారు. బిల్డింగ్ బయట నిలబడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాను. అది తిరిగొచ్చిన రోజు వాళ్ళింట్లో టీవీలో చూశాం. నా నోట్లోంచి ఆ పెద్దావిడ గొంతు వస్తుంటే కొంచెం ఇబ్బందిగా అనిపించింది. కూతురు నవ్వి నవ్వి ఊపిరి పీల్చుకుని చెప్పింది, నేను ఎవరితోనో పొట్లాడుతున్నానట, వానొచ్చేలా ఉంది, ఆరేసిన బట్టలు తీయలేదేం అని.

"అసలు ఏం మాట్లాడావు నువ్వు?" అని అంకుల్ అడిగారు.

మా మేనేజర్‌తో, రిలీజ్ ఇంకో వారం వాయిదా వేద్దామని చెప్తున్నానన్నాను.

ఆయన ఆ ముక్కను మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని చూశారు.

"ఆమెదే బాగుంది" అన్నారు.